ఎక్కడ జరిగిందో గుర్తుంది, ఎప్పుడు జరిగిందో గుర్తు లేదు: మెదడులో స్థలం, కాలం ఎలా నిలుస్తాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. మీ నాన్నగారికి 74 ఏళ్ళు, రాజమండ్రిలో ఉంటారు. జరిగిన సంగతులు చక్కగా చెబుతారు. ఎవరింట్లో జరిగింది, ఎవరు ఎక్కడ కూర్చున్నారు అన్నది కూడా చెప్పగలరు. ఎప్పుడు జరిగిందని అడిగితే మాత్రం తడబడతారు. నాలుగు రోజుల క్రితం వచ్చి వెళ్ళిన మేనల్లుడు పోయిన నెల వచ్చాడంటారు. ఏడాది దాటిన కంటి ఆపరేషన్ "ఈమధ్యనే" అంటారు. ఊళ్ళో దారి మాత్రం ఎప్పుడూ తప్పలేదు. మెదడులో జీపీఎస్ ఉందని, దానికి నోబెల్ కూడా వచ్చిందని మీరు చదివారు. అలాగే గడియారం కూడా ఉందా, నాన్నగారికి అదే పాడవుతోందా అన్నది మీ సందేహం.

నేను న్యూరోసైకాలజిస్టుని. పెద్దవాళ్ళకి జ్ఞాపకశక్తి పరీక్షలు చేయడమే నా రోజువారీ పని. మీ ప్రశ్నని కాస్త అటూ ఇటూ మార్చి వారానికి ఒకరైనా అడుగుతూనే ఉంటారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. స్థలానికి మెదడులో కొలతలున్న పటం ఉంది. కాలానికి అంత పక్కాగా ఏదీ లేదు. ఉత్తరం మీద పోస్టాఫీసు వాళ్ళు కొట్టే తేదీ ముద్ర లాంటిది ఏ జ్ఞాపకం మీదా ఉండదు. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస మెదడు కొంతవరకు నిలుపుకుంటుంది. తేదీ అనేది మనం గుర్తు చేసుకునే ప్రతిసారీ లెక్కగట్టి తేల్చుకునేదే. అందుకే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కూడా "ఎప్పుడు" అన్నదే అన్నిటికంటే ముందు చెదురుతుంది. మీ నాన్నగారి తడబాటు ఒక్కటే అయితే నేనంత కంగారు పడను. అలాగని "దారి తప్పట్లేదు కాబట్టి అంతా బాగానే ఉంది" అని మీరనుకోవడం కూడా సరికాదు. ఎందుకో కిందకి వెళ్ళాక చెప్తాను.

స్థలం సంగతి ముందు చూద్దాం, అది బాగా తెలిసిన కథ.

చెవికి కాస్త పైన, మెదడు లోపలి మడతల్లో హిప్పోక్యాంపస్ అనే భాగం ఉంటుంది, రెండు వైపులా ఒక్కొక్కటి. 1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్, ఆయన విద్యార్థి జోనథన్ డోస్ట్రోవ్‌స్కీ ఎలుకల్లో అక్కడి కణాల సంకేతాలు రికార్డు చేశారు. ఈ ప్రయోగాల్లో ఎలుక మెదడులోకి వెంట్రుకంత సన్నటి తీగలు అమర్చి, వాటిని స్పీకరుకి కలుపుతారు. కణం సంకేతం ఇచ్చినప్పుడల్లా చిటపటమని వినిపిస్తుంది. ఎలుక పెట్టెలో ఎంతసేపు తిరిగినా చప్పుడు ఉండదు. ఒక మూలకి రాగానే చిటపటలు మొదలవుతాయి. అక్కణ్ణించి కదిలిందా, ఆగిపోతాయి. ఇంకో కణానికి ఇంకో చోటు. వీటినే ప్లేస్ సెల్స్ అంటున్నారు. ఎలుకని వేరే గదిలో పెడితే ఇవే కణాలు పూర్తిగా కొత్త అమరికలో పలుకుతాయి. ఈ గది వేరు, ఆ గది వేరు అని మెదడు విడదీసుకునేది అలాగే.

2005లో నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ బృందం హిప్పోక్యాంపస్‌కి ఆనుకుని ఉన్న ఎంటోరైనల్ కార్టెక్స్‌లో ఇంకా విచిత్రమైన కణాలు కనిపెట్టింది. అక్కడి ఒక్కో కణం ఒకే చోట కాదు, నేలంతా సమాన దూరాల్లో ఉన్న ఎన్నో చోట్ల పలుకుతుంది. ఆ చోట్లని కాగితం మీద చుక్కలుగా పెట్టి గీతలు కలిపితే నిండా సమబాహు త్రిభుజాలే. వీటి పేరు గ్రిడ్ సెల్స్. లైట్లు తీసేసినా ఆ అమరిక కొంతసేపు నిలబడుతుంది. అంటే మెదడు అడుగులు, మలుపులు లోపల్లోపల కొలత వేసుకుంటూ ఉంటుందన్నమాట. 2014 నోబెల్ బహుమతిలో సగం ఓకీఫ్‌కి, మిగతా సగం మోసర్ దంపతులకి వచ్చింది. మీరు చదివిన "జీపీఎస్" ఇదే.

వీటితో పాటు తల ఎటు తిరిగి ఉందో చెప్పే కణాలూ ఉన్నాయి. 1984లో జేమ్స్ రాంక్ వీటిని గుర్తించారు. ఇవి భూమి అయస్కాంతాన్ని చూసి పనిచేయవు. గోడ మీద పెట్టిన గుర్తుని తిప్పితే ఇవీ దాంతో పాటే తిరుగుతాయి. మనకి ఇది అనుభవమే. సికింద్రాబాద్ స్టేషన్‌లో రోజూ ఒకటో ప్లాట్‌ఫారం వైపు బయటికొచ్చేవాళ్ళు ఎప్పుడైనా పదో నంబరు వైపు వచ్చేస్తే, కాసేపు ఊరంతా తిరగబడినట్టు ఉంటుంది. తెలిసిన గుర్తు ఒకటి కంట పడగానే అంతా ఒక్కసారిగా సర్దుకుంటుంది. మన పల్లెల్లో "తూర్పు గది", "పడమటి వాకిలి", "ఉత్తరప్పక్క ఇల్లు" అంటూ దిక్కులతోనే మాట్లాడతారు కదా. అలాంటి ఊళ్ళలో పెరిగిన పెద్దవాళ్ళని ఇంటి ప్లాను గీయమంటే చాలామంది ముందు దిక్కులు చూసుకుని, కాగితం తిప్పుకుని మరీ గీస్తారు. అపార్ట్‌మెంట్లో పెరిగిన మనవడు గుమ్మం దగ్గర మొదలుపెట్టి "ఎడమకి వెళ్తే కిచెన్" అంటాడు. ఏది గొప్ప అన్న ప్రశ్న లేదు. పటం ఇద్దరికీ ఉంది, పట్టుకునే గుర్తులే వేరు.

మనుషుల్లో ఇవన్నీ ఉన్నాయా అని అడుగుతారేమో. ఉన్నాయి. మూర్ఛకి ఆపరేషన్ చేసే ముందు కొందరికి మెదడులో కొన్ని రోజులు ఎలక్ట్రోడ్లు ఉంచుతారు. ఆ సమయంలో రోగుల ఒప్పుదలతో కంప్యూటర్ ఆట ఆడించి, 2003లో ప్లేస్ సెల్స్, 2013లో గ్రిడ్ సెల్స్ లాంటి సంకేతాలు నేరుగా రికార్డు చేశారు.

ఇక కాలం. ఇక్కడ జాగ్రత్తగా చదవండి, చాలామంది కలిపేసే విషయం ఇది. మన మెదడులో గడియారం అంటే వెంటనే చెప్పేది నిద్ర, మెలకువ, ఆకలి వేళల్ని నడిపేది. అది కళ్ళ నుంచి వచ్చే నరాలు కలిసే చోటుకి కాస్త పైన ఉంటుంది, వెలుగుని బట్టి సర్దుకుంటుంది. అమెరికా వెళ్ళినప్పుడు జెట్‌లాగ్ వచ్చేది దానివల్లే. పాటకి తాళం వేయడానికి, బంతి పట్టుకోవడానికి కావలసిన క్షణాల లెక్క ఇంకోచోట జరుగుతుంది. ఈ రెండింటికీ "మేనల్లుడు ఎప్పుడు వచ్చాడు" అన్న ప్రశ్నకీ సంబంధం చాలా తక్కువ. టంచనుగా నాలుగింటికి టీ అడిగే మనిషి నిన్న ఏ రోజో చెప్పలేకపోవచ్చు. అలాంటివాళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉంటారు.

జ్ఞాపకానికి పనికొచ్చే కాలం మళ్ళీ ఆ హిప్పోక్యాంపస్‌లోనే, దాని ఇరుగుపొరుగులోనే ఉంది. 2008లో గ్యోర్గి బుజాకీ ప్రయోగశాలలో ఎలుకలు చక్రంలో పరిగెత్తుతుండగా రికార్డు చేశారు. ఎలుక ఉన్నచోటనే ఉంది, చోటు మారట్లేదు. అయినా కణాలు ఒకదాని తర్వాత ఒకటి వరసగా పలికాయి. ఒకటి మొదటి క్షణాల్లో, ఇంకోటి కాసేపయ్యాక, మరోటి ఇంకా తర్వాత. 2011లో బోస్టన్‌లో హోవర్డ్ ఐకెన్‌బామ్ బృందం ఇంకో రకం ప్రయోగంలో ఇదే చూసి, వీటిని టైమ్ సెల్స్ అంది. వీటిలో రెండు విశేషాలు ఉన్నాయి. మొదట పలికే కణాలు చిన్న వ్యవధిని పట్టుకుంటాయి, తర్వాతవి వెడల్పుగా, మసకగా ఉంటాయి. అంటే మొదలు నుంచి దూరం జరిగేకొద్దీ కాలం కొలత పలచబడుతుంది. రెండో విశేషం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ఒక పనిలో టైమ్ సెల్‌గా ఉన్న కణమే ఇంకో పనిలో ప్లేస్ సెల్‌గా పనిచేయగలదు. స్థలానికి ఒక డిపార్ట్‌మెంటు, కాలానికి ఒక డిపార్ట్‌మెంటు అని గోడలు లేవక్కడ. జరుగుతున్నదాన్ని వరసలో పెట్టడం హిప్పోక్యాంపస్ పని. ఆ వరస అడుగులది కావచ్చు, క్షణాలది కావచ్చు.

కానీ ఇవన్నీ సెకన్ల లెక్క. గంటలు, రోజుల మాటేమిటి? దీనికి బాగా పనికొచ్చే ప్రయోగం 2018లో మోసర్ల ప్రయోగశాల నుంచే వచ్చింది. ఎంటోరైనల్ కార్టెక్స్ బయటి వైపు భాగంలో కణాల సంకేతాలు ఎప్పుడూ ఒకేలా ఉండవు, అనుభవం సాగేకొద్దీ మెల్లగా మారుతూ పోతాయి. ఒక నిమిషం కిందటి అమరికకీ ఇప్పటిదానికీ తేడా కొంచెం, గంట కిందటిదానితో తేడా ఎక్కువ. ఆ మార్పుని చూసి ఎంతసేపైందో పరిశోధకులు లెక్కగట్టగలిగారు. అక్కడ గడియారం ముల్లు లాంటిదేమీ తిరగట్లేదు. అనుభవం మారడమే అక్కడ కాలం. ఎలుకలు పెట్టెల్లో ఇష్టం వచ్చినట్టు తిరుగుతున్నప్పుడు ఇది బాగా కనిపించింది. వాటిని ఎనిమిది అంకె ఆకారంలో ఒకే దారిలో మళ్ళీ మళ్ళీ తిప్పినప్పుడు, ఒక్కో చుట్టు లోపల ఎక్కడిదాకా వచ్చామన్న సంకేతం పదునెక్కింది. కానీ ఇది ఎన్నో చుట్టో, ముందుదా తర్వాతదా అన్న తేడా చెరిగిపోయింది.

మీ నాన్నగారి విషయంలో నేను మొదట అడిగేది ఇదే: ఆయన రోజులు ఒకదానికొకటి ఎంత వేరుగా ఉన్నాయి? రిటైరయ్యాక పొద్దున్నే పేపరు, టిఫిను, టీవీ, భోజనం, పడక, సాయంత్రం అరుగు. మంగళవారానికీ శుక్రవారానికీ తేడా లేకపోతే ఆ జ్ఞాపకాలకి పట్టుకోవడానికి ఏముంది? 2020 లాక్‌డౌన్‌లో మనందరికీ ఇదే అయింది. ఏప్రిల్ ఏదో మే ఏదో చెప్పలేకపోయాం. అప్పుడు మనకెవరికీ మెదడు జబ్బు రాలేదు.

ఎలుకల సంగతి అలా ఉంచి, మనుషుల నిత్యజీవితంలో చూసిన ప్రయోగం ఒకటి 2015లో వచ్చింది. ఒహాయోలో కొందరి మెడలో ఫోను వేలాడదీసి, నెల రోజుల పాటు వాళ్ళు తిరిగిన చోట్ల ఫొటోలు తీయించారు. తర్వాత స్కానర్‌లో పడుకోబెట్టి ఆ ఫొటోలు చూపిస్తూ గుర్తు చేసుకోమన్నారు. హిప్పోక్యాంపస్ ముందు భాగంలో, దగ్గర చోట్ల జరిగిన రెండు సంగతుల తాలూకు సంకేతాలు ఒకదానికొకటి పోలి ఉన్నాయి, దూరపు చోట్లవి తేడాగా ఉన్నాయి. కాలానికీ అంతే. ఇది వంద మీటర్ల నుంచి ముప్పై కిలోమీటర్ల వరకు, పదిహేను గంటల నుంచి నెల వరకు కనిపించింది. పాల్గొన్నవాళ్ళు కొద్దిమందే, కాబట్టి దీన్ని ఆఖరి మాటగా తీసుకోకండి. కానీ స్థలం, కాలం ఒకే చోట అల్లుకుని ఉంటాయన్నదానికి ఇది మంచి ఆధారం.

ఇంకోటి. మెదడు రోజుని ఏకధాటిగా కాక ముక్కలుగా దాస్తుంది. గది మారినా, మనుషులు మారినా, పని మారినా ఒక ముక్క ముగిసి ఇంకోటి మొదలవుతుంది. ఒకే ముక్కలో జరిగినవాటి వరస బాగా గుర్తుంటుంది. ముక్క దాటితే వరస తడబడుతుంది, పైగా మధ్యలో ఎక్కువ సమయం గడిచినట్టు అనిపిస్తుంది. వంటింట్లోకి వెళ్ళి "ఎందుకొచ్చానబ్బా" అనుకోవడం దీనివల్లేనని చెప్పేవాళ్ళున్నారు. గుమ్మం దాటితే మరపు పెరుగుతుందని కొన్ని ప్రయోగాల్లో తేలింది, తర్వాత చేసిన కొన్నిటిలో అంత బలంగా కనిపించలేదు. ఆ ఒక్కదానికి భయపడి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సిన పని లేదు.

మరి తేదీ ఎలా తేలుతుంది? గోదావరి జిల్లాల పెద్దవాళ్ళతో ఒక్క పూట కూర్చుంటే తెలుస్తుంది. పెద్దమ్మాయి పెళ్ళి ఎప్పుడయిందండీ అని ఒకాయన్ని అడిగాను. సంవత్సరం చెప్పలేదు. "గోదారి వరదొచ్చింది కదండీ... మా పాక పోయింది. అదే ఏడు మళ్ళీ వేసుకున్నాం. ఆ తర్వాతొచ్చిన మాఘంలో చేశాం." గోదావరికి పెద్ద వరద 1986 ఆగస్టులో వచ్చింది. తర్వాతి మాఘమంటే 1987 ఫిబ్రవరి. శుభలేఖ తెప్పించి చూస్తే సరిగ్గా సరిపోయింది. ఆయన దగ్గర తేదీ లేదు. వరద ఉంది, పాక ఉంది, మాఘం ఉంది. ఆ మూడింటి నుంచి తేదీని కట్టుకొచ్చారు. దివిసీమ వైపు అయితే "ఉప్పెన ముందు", "ఉప్పెన తర్వాత" అంటారు, 1977 నవంబరు 19 వాళ్ళ జీవితాలని రెండుగా చీల్చింది కాబట్టి. పుష్కరాలు కూడా ఇలాంటి గుంజలే. 1991, 2003, 2015 గోదావరి పుష్కరాల చుట్టూ పెళ్ళిళ్ళు, పురుళ్ళు, ఇళ్ళ నిర్మాణాలు కట్టేసి ఉంటాయి. నేను కేస్ షీట్ రాసేటప్పుడు సంవత్సరం అడగడం ఎప్పుడో తగ్గించేశాను, పుష్కరాలకి ముందా తర్వాతా అని అడుగుతాను.

ఇలా లెక్కగట్టడంలో మనందరికీ ఒకే రకం పొరపాటు వస్తుంది. బాగా పాత సంగతులు, అందులోనూ స్పష్టంగా గుర్తున్నవి, ఉన్నదానికంటే దగ్గరగా తోస్తాయి. మరీ ఈమధ్యవి ఒక్కోసారి వెనక్కి జరుగుతాయి. మీరు చెప్పిన రెండు ఉదాహరణలూ చూడండి. కంటి ఆపరేషన్ దగ్గరికి జరిగింది, మేనల్లుడు వెనక్కి జరిగాడు. తప్పు దిశ మామూలు మనుషుల తప్పు దిశే. నాలుగు రోజులది నెల కావడం కొంచెం పెద్ద తప్పే, ఒప్పుకుంటాను. అందుకే ఒక పని చేయండి.

ఆయనకి చిన్న ఆసరా ఇచ్చి చూడండి. "తప్పు నాన్నా, నాలుగు రోజులే అయింది" అని దిద్దొద్దు. "బావ వచ్చిన రోజే కదా కరెంటు పోయి రాత్రి డాబా మీద పడుకున్నాం?" అనండి. "అవునవును, అంటే పోయిన ఆదివారం" అన్నారనుకోండి, సంగతి లోపల భద్రంగానే ఉంది, లెక్క దగ్గరే జారింది. వయసుతో అది జారుతుంది, వినికిడి తగ్గినా, నిద్ర సరిగ్గా లేకపోయినా, దిగులు ఉన్నా ఇంకా జారుతుంది. అలా కాకుండా "వాడొచ్చాడా? ఎప్పుడొచ్చాడు? రాలేదే" అన్నారా, అది వేరే కథ. అక్కడ పోయింది తేదీ కాదు, సంగతే. ఒక్కసారి అయితే సరే, పదే పదే అలా అవుతుంటే పరీక్ష చేయించాల్సిందే.

ఇప్పుడు దారి సంగతి. ఇక్కడే మీతో నేను విభేదిస్తాను.

అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే ఆయనకి 1953లో మూర్ఛ తగ్గడానికి రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం, దాని చుట్టుపక్కలది కూడా తీసేశారు. మూర్ఛ తగ్గింది, కానీ ఆ తర్వాత కొత్త సంగతి ఏదీ నిలవలేదు. ఆపరేషన్ చేసిన విలియం స్కోవిల్‌తో కలిసి బ్రెండా మిల్నర్ 1957లో రాసిన వ్యాసంతో ప్రపంచానికి తెలిసిన "హెచ్.ఎం." ఈయనే. ఆపరేషన్ అయిన అయిదేళ్ళకి వాళ్ళ కుటుంబం ఇల్లు మారింది. పొద్దున ఏం తిన్నారో చెప్పలేని ఆ మనిషి, ఏళ్ళ తరబడి ఉన్న ఆ ఇంటి ప్లాను మాత్రం గీయగలిగారు. రోజూ తిరిగి తిరిగి మెల్లగా ఒంటబట్టిన చోటు అది. శాన్‌డియేగోలో ఈ.పీ. అనే మరో రోగికి 1992లో మెదడువాపుతో ఈ భాగం దెబ్బతింది. చిన్నప్పుడు పెరిగిన ఊరి దారులు, మామూలు దారి మూసేస్తే ఎటు నుంచి వెళ్ళాలన్నది కూడా, ఆయన తడుముకోకుండా చెప్పారు. ఆ జబ్బు తర్వాత మారిన ఇంటి చుట్టుపక్కల దారులు మాత్రం ఒక్కటీ చెప్పలేకపోయారు.

దీన్నిబట్టి తేలేది ఏంటంటే, పాత ఊళ్ళో దారి తప్పకపోవడం పెద్ద పరీక్ష కాదు. కొత్త చోట పటం గీసుకోగలుగుతున్నారా అన్నదే పరీక్ష. నా దగ్గరికి వచ్చిన ఒక రిటైరైన బస్సు డ్రైవరు రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు అంటూ మలుపు మలుపూ చెప్పారు, ఘాట్లో ఎక్కడ గేరు మార్చాలో కూడా. వార్డులో మూడో రోజుకి కూడా బాత్రూమ్ నుంచి తన మంచం దగ్గరికి సొంతంగా రాలేకపోయారు. ఆల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో మెదడు దెబ్బతినడం మొదలయ్యే చోట్లలో ఎంటోరైనల్ కార్టెక్స్ ముఖ్యమైనది, గ్రిడ్ సెల్స్ ఉండే చోటు. అందుకే తొలి రోజుల్లోనే కొత్త చోట్ల తికమక కనిపించడం వింత కాదు.

కాబట్టి మీరు గమనించాల్సింది మీ ఊళ్ళోని కోటగుమ్మం నుంచి ఇంటికి రాగలరా అన్నది కాదు. ఈసారి పెళ్ళికి తీసుకెళ్ళినప్పుడు ఫంక్షన్ హాలులో చేతులు కడుక్కోవడానికి వెళ్ళి తన కుర్చీ దగ్గరికి తిరిగి రాగలుగుతున్నారా? మీ చెల్లెలి కొత్త ఫ్లాట్‌లో రెండో రోజుకైనా ఏ తలుపు ఎటు వెళ్తుందో పట్టుకున్నారా? హాస్పిటల్లో లిఫ్టు దిగి ఎటు తిరగాలో తెలుస్తోందా? ఒక్కసారి కాదు, రెండు మూడు సందర్భాలు చూడండి. ఆయనకి చెప్పకుండా చూడండి. పరీక్ష పెడుతున్నారని తెలిస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. మీ నాన్నగారిలా నెలల మీద మెల్లగా వచ్చే తడబాటు వేరు. ఒక్క పూటలో ముంచుకొచ్చే అయోమయం వేరు. ఇప్పటిదాకా మామూలుగా ఉన్న మనిషి ఉన్నట్టుండి "మనం ఇక్కడికెందుకొచ్చాం?" అని నిమిషానికోసారి అడుగుతూ, చెప్పిన జవాబు మరచిపోతూ, మీ పేరు మాత్రం చక్కగా చెబుతుంటే, అది హిప్పోక్యాంపస్ కొన్ని గంటలు పనిమానేసే తాత్కాలిక మరపు కావచ్చు. సాధారణంగా అది ఒక్క రోజులోపే సర్దుకుంటుంది. కానీ స్ట్రోక్ కాదని, ఫిట్స్ కాదని ఇంట్లో మనం తేల్చలేం. జ్వరం, సోడియం తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు ఇలాంటివి కూడా పెద్దవాళ్ళలో ఒక్కసారిగా తేదీ, చోటు రెండూ మరిపిస్తాయి. అలాంటప్పుడు రేపటిదాకా ఆగొద్దు, వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి.

"మెమరీ యాప్స్, పజిల్స్ ఆడిస్తే లాభమా" అని కూడా అడిగారు. ఆ ఆటలో ఆయన మెరుగవుతారు, అంతకు మించి ఆశించకండి. స్థలాన్ని ఆసరాగా వాడే పాత పద్ధతి మాత్రం నిజంగా పనిచేస్తుంది. తెలిసిన ఇంట్లో వరసగా ఒక్కో చోట ఒక్కో మాటని ఊహించి పెట్టుకోవడమే అది. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో మామూలు మనుషులు రోజుకి అరగంట చొప్పున ఆరు వారాలు ఇది నేర్చుకుని, 72 మాటల్లో సగటున 62 అప్పజెప్పారు. మన శతావధానులు ధారణ చేసేటప్పుడు పృచ్ఛకుల వరసని పట్టుకుని పద్యాలు వరసగా అప్పజెప్పడంలోనూ ఇలాంటి ఆసరా కొంత ఉంటుందని నా అంచనా. ఛందస్సు చేసే సాయం దానికి తోడు. అయితే 74 ఏళ్ళ మనిషికి ఇప్పుడు ఈ విద్య నేర్పమని నేను చెప్పను. ఆయనకి కావలసింది రోజుకో గుర్తు.

వారంలో ఒక్కో రోజుకి ఒక్కో పని పెట్టండి. మంగళవారం గుడి, గురువారం స్నేహితుడింటికి, శనివారం మార్కెట్టు ఆయనతోనే. గోడకి రోజుకో కాగితం చింపే క్యాలెండరు తగిలించి, చింపే పని ఆయనకే అప్పజెప్పండి. ఎవరైనా ఇంటికి వస్తే ఆ తేదీ దగ్గర పేరు ఆయన చేతే రాయించండి. సాయంత్రం "ఇవాళ ఏం జరిగింది" అని పొద్దుటి నుంచి వరసగా చెప్పించుకోండి, తప్పులు పట్టకుండా. నేను చెప్పే కుటుంబాల్లో ఈ కాస్తా చేసినవాళ్ళకి ఇంట్లో "నిన్నా, మొన్నా" గొడవలు తగ్గాయి. జబ్బుంటే ఇది దాన్ని ఆపదు, ఆ మాట కూడా చెప్పాలి.

పరీక్షకి తీసుకెళ్ళాలనుకుంటే ముందు ఫిజిషియన్ దగ్గర విటమిన్ బీ12, థైరాయిడ్, షుగరు, సోడియం చూపించండి. మతిమరుపులా కనిపించేవాటిలో సరిచేయగలిగేవి ఇక్కడే దొరుకుతాయి. ఆయన వాడే మందులన్నీ, నిద్రమాత్రలు, అలర్జీ మాత్రలు, షాపులో అడిగి కొన్నవి కూడా, ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. నిద్రమాత్రలు, పాత రకం అలర్జీ మాత్రలు పెద్దవాళ్ళలో జ్ఞాపకాన్ని మందగింపజేస్తాయి. అయితే మీరే ఆపేయొద్దు, డాక్టరు చూసి చెబుతారు. ఆయనతో రోజూ ఉండే మనిషి వెంట రావాలి, పండక్కి వచ్చి వెళ్ళేవాళ్ళు కాదు. కళ్ళజోడు, చెవి మిషన్ మరచిపోవద్దు. "ఇవాళ ఏ వారం" అన్న ప్రశ్న సరిగ్గా వినపడక "భోజనం అయిందండీ" అన్న పెద్దాయనకి తేదీ తెలియదని మార్కు తీసేస్తే, ఆ రిపోర్టు ఎందుకూ పనికిరాదు.